నాగేసుకి నేను చెప్పని సాక్ష్యం

ఒక మనిషిని జైలుకి పంపడానికి నేను కర్ర ఎత్తలేదు, ఎవరినీ తిట్టలేదు, ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యలేదు. "గుర్తులేదండీ" అన్నాను. అంతే. ఆ మాట అన్ననాటికి నాకు పాతికేళ్ళు నిండలేదు. ఇప్పుడు మంచం మీంచి లేవాలంటే గోడ ఆసరా కావాలి. ఈ మధ్యలో ఎన్నో మరిచిపోయేను. పెళ్ళినాటి చీర రంగు మరిచిపోయేను. మా అమ్మ గొంతు మరిచిపోయేను. గుర్తులేదని ఏది చెప్పేనో అదొక్కటే మరుపుకి రాకుండా ఉండిపోయింది.

మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళకి చెబితే ముందు నా మొహం చూస్తారు, తర్వాత మా ఇంటిపేరు చూస్తారు, ఆ తర్వాత మేం ఏ పార్టీ అని చూస్తారు. మీకు ఆ ఇబ్బంది లేదు. వినండి. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే తొందరపెట్టకండి.

మాది వైనతేయ పాయలో ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో కొబ్బరితోటలు, కూరపాదులు. రాజోలు ఆసుపత్రికి వెళ్ళాలన్నా, అంబాజీపేటకి కొబ్బరికాయలు తోలాలన్నా ముందు రేవుకి పోయి పడవ ఎక్కాల్సిందే. నేను కోడలిగా వచ్చేసరికే ఊళ్ళో రెండు పార్టీలు. గట్టు తగాదాతో మొదలైందని కొందరనేవారు. కాదు, జాతరలో నెత్తిన మోసుకొచ్చే అమ్మవారి గరగ మొదట ఎవరి వాకిట్లోకి రావాలన్న పేచీతో మొదలైందని కొందరు. ఎమర్జెన్సీ అయ్యేక ఢిల్లీలో ఒక పార్టీ రెండుగా చీలితే, మావాళ్ళు ఒక ముక్క పట్టుకున్నారు, అవతలివాళ్ళు రెండో ముక్క పట్టుకున్నారు. పాత పగకి కొత్త జెండా దొరికింది. వాళ్ళ టీ కొట్టు వేరు, మా టీ కొట్టు వేరు. మంగలి వేరు. పెళ్ళిళ్ళకి పిలుపుల్లేవు. ఎవరైనా పోతే మాత్రం వీధి మొగదాకా వచ్చి, కాసేపు నిలబడి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు.

మా ఆయన మా పార్టీలో కుర్రకారుకి పెద్ద. చెడ్డమనిషి కాదు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథల్లో తప్పు మొగుడి మీదికి తోసెయ్యడం ఆడవాళ్ళకి చాలా సులువు. నేనూ చాలాకాలం అదే చేసేను, నాలో నేను.

నాగేసు వాళ్ళ పార్టీ. పేటలో ఉండేవాడు. రేవులో నాటుపడవ అతనిది. పొడుగైన మనిషి, నోటిదురుసు. ఊరేగింపుల్లో వాళ్ళ పార్టీకి జై కొట్టే గొంతు అతనిదే. ఒకసారి మావాళ్ళలో ఒకడి చెంప టీ కొట్టు దగ్గర పగలగొట్టేడు కూడా. దేవుడిలాంటి మనిషని చెప్పను. అలా చెబితే మీకు సులువుగా జాలి కలుగుతుంది, నాకు సులువుగా ఏడుపొస్తుంది. మామూలు మనిషి. నేను అన్యాయం చేసింది ఒక మామూలు మనిషికి.

ఆ రోజు పంచాయతీ ఎన్నికలు. నాకు నెలలు నిండేయి. మొదటి కాన్పు ఇంట్లోనే జరిగి, బిడ్డ అడ్డం తిరిగి చచ్చిపోయింది. అందుకని ఈసారి నొప్పులు మొదలవగానే రాజోలు తీసుకెళ్ళిపోవాలని అనుకున్నారు. కాని నొప్పులకి ఎన్నికల సంగతి తెలీదు గదా. పొద్దెక్కేసరికి మొదలయ్యేయి. మగవాళ్ళందరూ ఊరికి అవతల కొసన ఉన్న బళ్ళో, పోలింగు దగ్గర ఉన్నారు. అత్తగారు, నేనూ మిగిలేం. ఆవిడ నన్ను పట్టుకుని రేవుకి నడిపించుకొచ్చేరు. మా పార్టీ పడవ లేదు, ఓటర్లని తేవడానికి పోయింది. ఉన్నది నాగేసు పడవ. అతను కూడా తాడు విప్పుతున్నాడు, పైలంకలో వాళ్ళ ఓటర్లు ఎదురుచూస్తున్నారట.

అత్తగారు అతన్ని పేరు పెట్టి పిలవలేదు. "అబ్బీ, కాస్త అవతలొడ్డుకి..." అని ఊరుకున్నారు. నాగేసు నాకేసి చూసేడు.

"మొదటి బిడ్డ పోయిందన్నారు, ఈ అమ్మగారికేనా అండి?"

అత్తగారు తలూపేరు.

"మరి చూస్తారేంటండీ? ఎక్కండి."

పాయలో పోటు మీదుంది నీరు. పడవ ఎంత తోసినా కదలనట్టే ఉంది నాకు. సిగ్గుతో పళ్ళు బిగపట్టుకుని మూలుగుతున్నాను. అతను అటు తిరిగే గడ వేస్తూ, "గట్టిగా అరవండి అమ్మగారూ. ఇక్కడ ఏ పార్టీవోడూ వినడు" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "పుట్టేవోడు మీ పార్టీయే, కాదన్ను. కాని మా పార్టీ పడవలో పుట్టేడంటే రేపు పేచీ వచ్చేస్తది. ఒడ్డుదాకా ఓపిక పట్టమనండి" అన్నాడు. ఆ నొప్పుల్లో నాకు నవ్వొచ్చింది. అత్తగారు కూడా నవ్వేరు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ ఇంట్లో కోడలిగా ఉన్న అన్నేళ్ళలో ఆవిడా నేనూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

అవతలొడ్డున మోకాలి లోతు బురద. నేను దిగలేకపోయేను. అతను నన్ను రెండు చేతులా ఎత్తుకున్నాడు. అత్తగారి నోట ఏదో మాట వచ్చి ఆగిపోయింది. మా ఇళ్ళల్లో పేటవాళ్ళు గడప దాటి లోపలికి రారు. అలాంటిది కోడల్ని ఎత్తుకోవడం. గట్టు ఎక్కుతుంటే పెద్ద నొప్పి వచ్చి, ఏం చేస్తున్నానో తెలీక అతని భుజం కొరికేసేను. ఒంటిమీద చొక్కా లేదు. నోట్లో చెమట ఉప్పు తగిలింది. అతను "అబ్బా" అన్నాడు గాని చెయ్యి వదల్లేదు. రోడ్డు మీద ఎవరిదో కొబ్బరికాయల బండి పోతోంది. అతను దాన్ని ఆపి, బండివాడితో తగువు పడి, కాయలు రోడ్డు పక్కన దింపించి, గడ్డి పరిపించి నన్ను పడుకోబెట్టేడు. ఆ బండివాడు ఏ ఊరివాడో తర్వాత ఎంత వెతికినా దొరకలేదట. వెతికింది నాగేసు వాళ్ళే, మేం కాదు.

బాబు పుట్టేడు. బతికేడు. అడ్డం తిరిగిన బిడ్డేనని, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కారని డాక్టరమ్మ చెప్పింది.

మేం పాయ దాటుతున్న ఆ వేళకే ఇటు బళ్ళో దెబ్బలాట జరిగింది. దొంగ ఓటన్నారు, కాదన్నారు, కర్రలు లేచేయి. మా మరిదికి కన్ను పోయింది. పంతొమ్మిదేళ్ళవాడు. నేను కాపరానికి వచ్చినప్పుడు నిక్కర్లు వేసుకునేవాడు, నా చేతి అన్నం తిని పెరిగేడు, నన్ను వదినా అనడం కంటే అమ్మా అన్నదే ఎక్కువ. కొట్టిందెవరో వాడు చూడలేదు. అవతలి పెద్దాయన మేనల్లుడే కొట్టేడని అక్కడున్నవాళ్ళు కొందరు తర్వాత తర్వాత చెప్పుకున్నారు. ఆ సాయంత్రం మాత్రం మా పార్టీ పెద్దలు కూర్చుని స్టేషన్‌కి ఇచ్చే కంప్లైంటు రాయించేరు. అవతలి పార్టీ పెద్దాయన పేరు, మేనల్లుడి పేరు, ఇంకా కొన్ని పేర్లు. "కర్ర తిప్పగలిగినవాడు నాగేసు, వాడు లేకుండా దెబ్బలాటేంటి" అని ఎవరో అన్నారట. నాగేసు పేరూ పడింది. కొట్టిందే అతనని పడింది.

మర్నాడు మా ఆయన ఆసుపత్రికి వచ్చేరు. ఒక కంటితో కొడుకు పుట్టిన సంతోషం, ఇంకో కంటితో తమ్ముడి గురించి ఏడుపు. నేను చెప్పేను, మమ్మల్ని దాటించింది నాగేసని.  ఆయన తల పట్టుకుని కింద కూర్చుండిపోయేరు. "కంప్లైంటు వెళ్ళిపోయింది" అన్నారు. తర్వాత, "ఇంకెవరికైనా చెప్పేవా?" అని అడిగేరు.

లేదన్నాను. అప్పటికి అది నిజమే. అప్పుడే ఆ మాట ఒక దాపరికం అయింది. ఎవరూ అలా నిర్ణయించలేదు. దానంతట అదే అయింది.

ఆయన పెద్దల దగ్గరికి వెళ్ళి ఒకసారి కదిపి చూసేరని నాకు తెలుసు. ప్లీడరుగారు ఒకటే మాట అన్నారట. ఒక్క పేరు అబద్ధమని తేలితే తక్కిన పేర్లన్నీ అబద్ధాలే అవుతాయి, మీ తమ్ముడి కన్ను తీసినవాడు కూడా చేతులు దులుపుకుని ఇంటికి పోతాడు అని. ఆ మాట ఆయన నాకు వచ్చి చెప్పేరు. వంటింట్లో మరిది గోడకి చేరబడి కూర్చుని ఉన్నాడు, కంటికి కట్టుతో. నేను వాడికి అన్నం కలిపి పెడుతున్నాను. కంచం ఏ పక్కన పెట్టినా వాడు ఇంకా తడుముకుంటున్నాడు. ఆ క్షణాన నాకు నాగేసు గుర్తుకి రాలేదు. మీరు నమ్మాలి. పోనీ, నమ్మకపోయినా సరే.

అవతలి పార్టీ కూడా నాగేసు మీద గుర్రుగానే ఉంది. పైలంక ఓటర్లు ఒడ్డునే నిలబడిపోయేరు, ఎన్నిక కొద్ది ఓట్లతో చేజారింది, వీడు శత్రువుల కోడల్ని ఊరేగిస్తూ కూర్చున్నాడు అని. వాళ్ళ పెద్దాయనకీ మేనల్లుడికీ పెద్ద ప్లీడర్ని పెట్టుకున్నారు. నాగేసుకి, అతనితోపాటు ఇరుక్కున్న ఒక కూలీకి, కొత్తగా నల్లకోటు వేసుకున్న ఒక కుర్ర ప్లీడరు. ఇలా రెండు పార్టీల మధ్యా అతను ఒక్కడూ మిగిలేడు. ఒక పార్టీ అతన్ని పట్టించింది. ఒక పార్టీ వదిలేసింది. ఇక నేనున్నాను. నాది ఏ పార్టీ?

విచారణకి రావడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా అత్తగారు పోయేరు. బాబు నడక నేర్చేడు. నాగేసు బెయిలు మీద బయటే ఉన్నాడు, రేవులో కనిపించేవాడు. నేను మా పార్టీ పడవలోనే దాటేదాన్ని. అతను నా దగ్గరికి ఒక్కసారీ రాలేదు, ఒక్క మాటా అడగలేదు. నేను లోపల్లోపల సంతోషించేను. అడగడు, మంచిదే అనుకున్నాను. ఎందుకు అడగడంలేదో నాకు తర్వాత తెలిసింది.

అతని పెళ్ళాం సత్తెమ్మ వచ్చింది. ఒకనాడు మధ్యాహ్నం, మగవాళ్ళు లేని వేళ చూసి, పెరటి దోవన వచ్చి బాదంచెట్టు కింద నిలబడింది. సన్నటి మనిషి. చంకలో ఆడపిల్ల. నేను బట్టలు జాడిస్తున్నాను.

"మా ఆయన వెళ్ళొద్దన్నాడండి. 'ఆవిడ చెప్తారు, మనం అడగక్కర్లేదు' అంటన్నాడండి. నాకే నమ్మకం చాలక వచ్చేను."

నేను బట్ట పిండుతూనే ఉన్నాను.

"అబద్ధం చెప్పమని రాలేదమ్మగారూ. ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలండి. ఆ పూట ఆయన పడవలో ఉన్నాడని."

"నాకు ఆ పూట ఒళ్ళు తెలీదు సత్తెమ్మా. నొప్పుల్లో ఉన్నాను. ఎవరు దాటించేరో, ఎలా దాటేమో... నాకు గుర్తులేదు."

అలా అనాలని ముందుగా అనుకోలేదు. ఎవరూ నేర్పలేదు. ఆ మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. సత్తెమ్మ పిల్లని ఒక చంకనుంచి రెండో చంకకి మార్చుకుంది.

"మా ఆయన భుజం మీద మీ పంటిగాట్లు ఉన్నాయండి. మచ్చ పడిపోయింది. నేను రోజూ చూస్తన్నాను."

నేను తలెత్తలేదు.

"మీ ఇంట్లో మగాళ్ళంటే భయమైతే భయమని చెప్పండమ్మగారూ, నేను వెళ్ళిపోతాను. మీ మరిదిగారి మీద ప్రేమంటే ప్రేమని చెప్పండి, దానికీ నేనేం అనలేను. గుర్తులేదని మాత్రం అనకండి."

"గుర్తులేదు" అన్నాను.

ఆవిడ వెళ్ళిపోయింది. తిట్టలేదు, మన్ను పోసి శపించలేదు. పెరటి తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్ళింది. ఆ బట్టలు ఆరేసి వచ్చి, మళ్ళీ తీసి, మళ్ళీ జాడించేనని మాత్రం జ్ఞాపకం.

ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుక్కుంటూనే ఉన్నాను, ఎందుకలా అన్నావని. మరిది కోసమా? ఔను, వాడి కోసమే. కాని వాడు నన్ను అడగలేదు. పార్టీ కోసమా? నవ్వకండి, నాకూ పార్టీ అభిమానం ఉండేది. మావాళ్ళు గెలిచినప్పుడు వీధిలో బాణాసంచా కాలుస్తుంటే అరుగు మీద బాబుని ఎత్తుకుని నిలబడి మురిసిపోయేను. ఆయన భయమా? కోర్టుకి వెళ్ళే ముందురోజు ఆయన అన్న మాట ఇది: "నీ ఇష్టం. తమ్ముడి మొహం చూసి చెప్పు." కత్తి పెట్టలేదు, కొట్టలేదు. నీ ఇష్టం అన్నారు. నా ఇష్టప్రకారమే చేసేను.

ఇంకో కారణం కూడా ఉంది. అది రాయడానికే ఇంతసేపు తిరుగుతున్నాను. పేటవాడు నన్ను రెండు చేతులా ఎత్తుకున్నాడని, నేను అతని ఒంటిని కొరికేనని, కోర్టులో నలుగురి ముందు చెప్పాలి గదా. ప్లీడర్లు అడుగుతారు, జనం నవ్వుతారు, మా వీధి ఆడవాళ్ళు గిన్నెలు తోముకుంటూ చెప్పుకుంటారు. నా ప్రాణం, నా బిడ్డ ప్రాణం నిలబెట్టిన చేతులు నాకు పరువు తక్కువ అనిపించేయి. అన్నిటికన్నా ఇదే ముందు వచ్చిందేమో. ఔను. ఇదే ముందు వచ్చింది.

కోర్టు వరండా నిండా జనం. ఒక గుమాస్తా కట్టలు చంకన పెట్టుకుని వచ్చి, "మీరు ఏ పార్టీ తాలూకు సాక్షి అమ్మా?" అని అడిగేడు. కోర్టులో కూడా పార్టీ అనే అంటారని నాకు అప్పుడే తెలిసింది. వాదిదో పార్టీ, ప్రతివాదిదో పార్టీ. నన్ను పిలిపించింది నాగేసు తరపువాళ్ళు. నేను వచ్చింది మా ఆయన పక్కన, మా పార్టీ వాళ్ళ జీపులో.  మా ఆయనే ఏదో చెప్పి పంపించేసేరు.

లోపల నాగేసు తెల్లచొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆ చొక్కాలో ఎవరో తెలీనివాడిలా ఉన్నాడు. కుర్ర ప్లీడరు గొంతు సవరించుకుని అడిగేడు, ఆ రోజు మిమ్మల్ని పాయ దాటించిందెవరమ్మా అని. నేను గుర్తులేదండీ అన్నాను. జడ్జీగారు కళ్ళజోడు తీసి, "తొందరలేదు. నెమ్మదిగా ఆలోచించుకుని చెప్పండి" అన్నారు. ఎంత దయగా అన్నారో. ఆయనకి తెలీదు, అది నాకు దొరికిన ఆఖరి అవకాశమని. నేను ఆలోచిస్తున్నట్టు కళ్ళు దించుకున్నాను. ఆలోచించలేదు. బాబు వరండాలో ఏడుస్తుంటే ఆ ఏడుపు వింటూ నిలబడ్డాను. మళ్ళీ అదే మాట చెప్పేను.

 నాగేసు నాకేసి చూసేడో లేదో తెలీదు. నేను చూడలేదు కాబట్టి.

పెద్దాయననీ, మేనల్లుణ్ణీ కోర్టు వదిలేసింది. పెద్ద ప్లీడరు సందేహాలు లేవదీసి లేవదీసి వాళ్ళని బయటికి లాగేసేడు. శిక్ష నాగేసుకీ, ఆ కూలీకీ పడింది. చూసేరా? నేను ఎవరి కోసం నోరు మూసుకున్నానని చెప్పుకున్నానో, ఆ మరిదికి కూడా న్యాయం జరగలేదు. వాడి కన్ను తీసినవాడు ఆ సాయంత్రమే బాణాసంచా కాల్చుకున్నాడు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు, మీరు మన దేశంలో బతికినవాళ్ళే గదా. ఎనభై రెండు, మూడు ప్రాంతంలో కొత్త పార్టీ పుట్టింది. ఊళ్ళకి ఊళ్ళు అందులోకి వెళ్ళిపోయేయి. మా పెద్దలూ చేరేరు, అవతలి పెద్దలూ చేరేరు. కుర్చీల దగ్గర కాస్త పేచీ వచ్చి సర్దుకుపోయింది. మా ఆయన, అవతలి పెద్దాయన ఒకే పడవలో నిలబడి ఊళ్ళోకి వచ్చేరు. హారతిపళ్ళెం నేనే పట్టుకున్నాను. టీ కొట్లు రెండూ కలిసిపోయేయి. మా మరిది చేతికి జెండా ఇవ్వబోతే వాడు తీసుకోలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర, "వదినా, మరి నా కన్ను ఏ పార్టీ ఖాతాలో రాసుకుంటారే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత వాడు ఏ మీటింగుకీ వెళ్ళలేదు.

రాజమండ్రి జైల్లో నాగేసు ఇంకా ఉన్నాడు. పై కోర్టుకి వెళ్దామన్న సంగతి ఏ పార్టీకీ గుర్తులేదు. పడవ అమ్మేసేరు. సత్తెమ్మ పిల్లని తల్లి దగ్గర వదిలి కువైటు పోయింది, అక్కడ ఎవరింట్లోనో వంటపనికి. పేటనుంచి అప్పట్లో చాలామంది ఆడవాళ్ళు అలా వెళ్ళేవారు. ఆవిడ రేవులో పడవెక్కిన పొద్దున నేను మా డాబా మీద వడియాలు పెడుతున్నాను. ఆ పిల్ల గట్టు మీద పొర్లి పొర్లి ఏడ్చింది. నేను వడియాలు పెడుతూనే ఉన్నాను.

అతను బయటికి వచ్చేక ఊళ్ళో ఉండలేదు. అంబాజీపేటలో లారీలకి కొబ్బరి బస్తాలు ఎత్తే పనిలో కుదిరేడని విన్నాను. వింటే ఏం? చూడనంతకాలం వినడం సులువు.

ఒక వేసవిలో, అప్పనపల్లి బాలాజీకి బాబు పుట్టువెంట్రుకల మొక్కు చాలాకాలంగా బాకీ ఉండిపోతే తీర్చుకుని, అక్కణ్ణించి అంబాజీపేటలో చుట్టాలింటికి వెళ్ళేం. బస్సు దిగి కొబ్బరి మండీల వీధిలో నడుస్తున్నాం, నేనూ బాబూ. గుండు మీద గంధం. వాడు లారీ చూడాలని ఆగిపోయేడు. బస్తాలు మోస్తున్న మనిషి ఒకడు లారీలో బస్తా దించి, పలక మీంచి దిగి వస్తూ మా ముందు ఆగేడు. జుట్టు సగం నెరిసిపోయింది. నేను గుర్తుపట్టేసరికి అతను బాబునే చూస్తున్నాడు.

"ఈ బాబేనాండీ?" అన్నాడు.

"ఆయ్, వీడే" అన్నాను.

ఆలోచించకుండా అన్నాను. సంతోషంగా కూడా అన్నానేమో. చాలారోజుల తర్వాత కనపడ్డ అయినవాళ్ళతో అన్నట్టు అన్నాను. అతను తల ఊపేడు. బాబు గుండు మీద చెయ్యి వెయ్యబోయి, చెయ్యి మురికిగా ఉందని కాబోలు, వెనక్కి తీసుకుని పంచెకి తుడుచుకున్నాడు.

"అయితే గుర్తుందన్నమాటండి" అన్నాడు.

అంతే. కోపంగా అనలేదు. ఒక లెక్క తేలినట్టు అన్నాడు. వెళ్ళి ఇంకో బస్తా భుజానికి ఎత్తుకున్నాడు. నేను అక్కడే చెప్పి ఉండచ్చు. కాళ్ళ మీద పడి ఉండచ్చు, నలుగురినీ పిలిచి ఉండచ్చు. బాబు చెయ్యి పట్టుకుని గబగబా నడిచేను. వాడు "ఎవరమ్మా ఆయన?" అని అడిగేడు. ఎవరో పని చేసుకునే మనిషిరా అన్నాను.

తర్వాత ఏళ్ళు ఎలా గడిచేయో అవన్నీ మీకెందుకు. మా ఆయన పోయేరు. పోయేముందు ఒకరోజు, "ఆ పడవవాడికి ఏదైనా చెయ్యవలసింది" అన్నారు, గోడవైపు తిరిగి. నేను ఊఁ అన్నాను. 

మొన్నీమధ్య నాగేసు పోయేడని కబురు తెలిసింది. సత్తెమ్మ కువైటునుంచి వచ్చేసి చాలా ఏళ్ళయింది, అతనూ ఊరికి తిరిగొచ్చేసేడు, పేటలో చిన్న డాబా కట్టుకున్నారు. నేను వెళ్ళేను. ఈ ఊరికి కోడలిగా వచ్చిన తర్వాత పేటలోకి అడుగు పెట్టడం అదే మొదలు. అందరూ లేచి నిలబడ్డారు, ఎవరో కుర్చీ తుడిచి వేసేరు. సత్తెమ్మ లేవలేదు. నేను కుర్చీలో కూర్చోలేదు, ఆవిడ పక్కన చాప మీద కూర్చున్నాను. కూర్చోడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు, ఎవరో పట్టుకున్నారు.

"నాకు గుర్తుంది సత్తెమ్మా" అన్నాను. "అంతా గుర్తుంది. అప్పుడూ గుర్తుంది."

ఆవిడ నాకేసి చూసింది. ముసలితనంలో కూడా ఆ కళ్ళు అలాగే ఉన్నాయి. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఏదో ఒకటి చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకెందుకండీ చెప్తారు? నాకు తెల్సు గదండీ" అంది. చాప అంచు సర్దుతూ, "తెలీనోళ్ళకి చెప్పండి" అంది.

కాఫీ ఇమ్మంటారా అని కూతురు అడిగితే సత్తెమ్మే వద్దని చెప్పింది. నేను లేచి వచ్చేసేను.

ఆవిడ నన్ను క్షమించలేదు. నేనూ అడగలేదు. అడిగితే మళ్ళీ ఆవిణ్ణే ఏదో ఇమ్మని అడిగినట్టు అవుతుంది. ఇంటికి వచ్చి ముందు మా అబ్బాయికి చెప్పేను. వాడూ పెద్దవాడైపోయేడు, వాడికీ ఓ పార్టీ ఉంది. విని, బయటికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చేడు. ఆ రోజునుంచి నాతో మాట్లాడుతున్నాడు గాని, అమ్మా అని పిలిచేముందు ఒక్క క్షణం ఆగుతున్నాడు. ఆగనీ. మరిదికి చెప్పేను. వాడు ఒంటికన్నుతో నన్ను చూసి, "నేను అనుకుంటూనే ఉన్నాను వదినా" అన్నాడు. ఎప్పటినుంచి అని అడిగే ధైర్యం లేకపోయింది.

ఇప్పుడు మీకు చెప్పేను. నా గుండె తేలికైందా అంటే, కాలేదు. ఊపిరి మాత్రం కాస్త లోతుగా దిగుతోంది. అంతవరకే.

నా పేరు రాయలేదు. మావాళ్ళెవరి పేర్లూ రాయలేదు. ఆ పిరికితనం ఇంకా నాలో ఉంది, దాచను. కాని అతని పేరూ, ఆవిడ పేరూ మార్చలేదు. నాగేసు ఆ రోజు ఆ బళ్ళో లేడు. ఎవరినీ కొట్టలేదు. పడవలో ఉన్నాడు, నాతో.